వాగుకు ఇనుప తాడు

ఎవరు ఏమిచ్చినా, తీసుకునే ముందు జంపక్క కుడి అరచేతిని చీర చెంగుకు తుడుచుకునేది. సోలెడు జొన్నలైనా, తునికాకు కూలి పైసలైనా, పక్కింటి చంటిపిల్లైనా అంతే. చెయ్యి తడిగా లేకపోయినా, మురికిగా లేకపోయినా తుడుచుకునేది. తునికాకు కల్లం దగ్గర గుమాస్తా ఒకసారి నవ్వాడు.

"నా పైసలకు మురికంటుతదనా జంపక్కా?"

"నీ పైసల సంగతి నాకేమెరుక? నా చేతి సంగతి నాకెరుక" అంది.

ఆమెది వెదుళ్లగుంపు. ఇల్లందు నుంచి భద్రాచలం వైపు పోయే రోడ్డు మీద నిలబడితే ఆ ఊరు కనబడదు. ముందు ఇప్పచెట్లు, తర్వాత నల్లవాగు, వాగు దాటాక వెదురు పొదలు. ఆ పొదల వెనక కోయవాళ్ల ఇళ్లు. వేసవిలో వాగంటే ఇసుకే. పిల్లలు అందులో చెలిమలు తవ్వి ఆడుకుంటారు. ఆషాఢం దాటితే మాత్రం అది ఎవరి మాటా వినదు. దాటడానికి ఉన్నది తాటిమొద్దు తొలిచిన దోనె ఒక్కటే. వాగు నిండుగా వస్తే దోనెను గుంజకు కట్టేసి, నీళ్లు తగ్గేదాకా కూర్చోవడమే.

కిందటి ఏడు జంపక్క తమ్ముడి భార్య బుల్లెమ్మకు నొప్పులొచ్చాయి. కాన్పు అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. దవాఖానా రోడ్డు అవతల, బస్సులో పోయేంత దూరం. మంచం మీద పడుకోబెట్టి ఒడ్డు దాకా మోసుకొచ్చారు. వాగు పోతూనే ఉంది. మంచం దించి కూర్చున్నారు. నీళ్లు తగ్గాక ఆ మంచాన్నే ఎత్తుకుని తిరిగి ఊళ్లోకి పోయారు. జంపక్క మంచం కాలు పట్టుకుని నడిచింది.

ఈ ఏడు, అంటే ఎనభై నాలుగులో, జంపక్క కూతురు భీమక్కకు కడుపు. శ్రావణంలో నెలలు నిండుతాయి. అప్పటికి వాగు ఎలా ఉంటుందో జంపక్కకు తెలుసు. ఆ మాట ఆమె కూతురితో అనలేదు, మొగుడితో అనలేదు. పగలంతా పని చేసేది, నీళ్లకు పోయినప్పుడు మాత్రం వాగు ఇసుకలో కాసేపు నిలబడేది.

తాడు మాట తెచ్చింది రాందాస్. రోడ్డు అవతలి తండా మనిషి. ఇల్లందు గనిలో పని. వెదురు తట్టల కోసం వచ్చి, జంపక్క ఇంటి అరుగు మీద కూర్చుని అంబలి తాగుతూ చెప్పాడు.

"గనిల బొగ్గు తొట్లను గుంజే ఇనుప తాడు ఉంటది అక్కా. జరంత అరిగిందంటే తీసేస్తరు. బొగ్గుకు అరిగిందిగని మనుషులకు అరగలే. పాతసామాన్ల సేటు దగ్గర పడి ఉన్నది. రెండు ఒడ్లల్ల రెండు చెట్లకు కట్టి, దోనెకు కడియం వేసి దానికి తగిలిస్తే, ఎంత వాగొచ్చినా తాడు పట్టుకొని గుంజుకుంట దాటొచ్చు."

"ఎంతంటడు?"

"నాలుగు నూర్లు. నా మాట మీద ఆపిండు. ఎక్కువ రోజులు ఆపడు. మృగశిర ముందట సోమారం వరంగల్లు లారీ వచ్చి ఉన్నదంత ఎత్తుకపోతది."

నాలుగు వందలు వెదుళ్లగుంపులో ఎవరి దగ్గరా ఒక్కచోట ఉండవు. అన్ని పైసలు ఒక్కచోట చేరేది ఏడాదికి ఒక్కసారే. భూమి పండుగకు.

వానలకు ముందు వచ్చే పండుగ అది. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని మూడు రోజుల వేటకు పోతారు. వాళ్లు తెచ్చిన జంతువు నెత్తురు కలిపిన తర్వాతే విత్తనం నేలలో పడాలి. వాళ్లు తిరిగొచ్చేదాకా ఆడవాళ్లు రోడ్డు మీద వెదురు బొంగు అడ్డం పెట్టి, బళ్లు ఆపి, చేతులు పట్టుకుని పాడి ఆడి పైసలడుగుతారు. చాట పట్టుకుని ముందు నిలబడేది ఏటేటా జంపక్కే. ఇది అడుక్కోవడం కాదు. నేల మీద నడిచే ప్రతివాడూ నేలకు ఇవ్వాల్సిన వాటా. పండుగ వెళ్లిన మర్నాడు అదే చాట పట్టుకుని నిలబడితే మాత్రం అడుక్కోవడమే. ఆ ఊళ్లో ఆకలికి అడవి గడ్డలు తవ్వుకుని తిన్నవాళ్లున్నారు, చెయ్యి చాపినవాళ్లు లేరు.

పండుగ దగ్గర పడుతుండగా జంపక్క పూజారి దగ్గరికి పోయింది. పూజారి సమ్మయ్య ఆమె మొగుడికి తమ్ముడు. విత్తనాల గంప ముందు పెట్టుకుని తాలు గింజలు ఏరుతున్నాడు. ఆమె చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు.

"వదినా, భూమి పేరు చెప్పి అడిగిన పైసలు భూమి పండుగలనే ఒడవాలె. మిగిల్చి దాచినమంటే గింజ మొలవది. ఇది నేను చెప్పింది కాదు."

"తాడు పేరు చెప్పి అడిగితే?"

సమ్మయ్య ఒక గింజను వేళ్ల మధ్య తిప్పి పక్కన పడేశాడు.

"అప్పుడు నీ ఇష్టం. ఆ పైసలు తాడుయి."

వేటకు పోయే పొద్దున, తలపాగా చుట్టుకుంటున్న మొగుణ్ణి జంపక్క అడిగింది.

"ఏం తెస్తవ్?"

"దుప్పిని తెస్త" అన్నాడు దూలయ్య.

"నిరుడు గూడ దుప్పే అన్నవ్. ఉడుతను తెచ్చినవ్."

"ఉడుత గూడ అడవిదే గద."

మగవాళ్లు గుట్టల వైపు పోయారు. ఆడవాళ్లు ఇసుక దాటి రోడ్డెక్కారు.

మంచి పనికని చెబితే మనుషులు ఎక్కువిస్తారని జంపక్క అనుకుంది. పండుగకు తప్ప ఎప్పుడూ ఎవరి దగ్గరా అడగని మనిషి అలాగే అనుకుంటుంది. మొదటి లారీ రాగానే పాట ఎత్తబోతున్న ఆడవాళ్లను చెయ్యి చూపి ఆపి, తలుపు దగ్గరికి పోయింది.

"ఏందక్కా, ఈసారి పాట లేదా?" అన్నాడు డ్రైవరు. ఏటా ఆ దారిన పోయేవాడే.

ఆమె వాగు సంగతి, తాడు సంగతి చెప్పింది. అతను బీడీ ఆర్పేసి శ్రద్ధగా విన్నాడు.

"తాడెందుకు? వంతెన అడుగున్రి. ఓట్లకు వస్తరు గద, అప్పుడు పట్టుకోన్రి" అని పావలా వేశాడు. పోయినేడు పాటకు రెండు రూపాయలు వేసినవాడు.

బస్సు కండక్టరు ఇంకా మంచివాడు. "భద్రాచలంల ఆఫీసుల అర్జీ పెట్టు పెద్దమ్మా. నువ్వు చెప్పు, నేను రాసిపెడత. దేవుడి పైసలు దీనికెందుకు పాడుచేస్తవ్?" అన్నాడు. బస్సులో ఒకాయన తాడు తుప్పు పడుతుందన్నాడు. ఇంకొకాయన నూనె రాస్తే పట్టదన్నాడు. ఇద్దరూ వాదించుకుంటుండగా బస్సు కదిలింది.

మధ్యాహ్నం ఒక జీపు ఆగింది. తల్లాడ పక్కన పొగాకు, మిరప పండించే చెంచురామయ్యది. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూములు కొన్నాడు. పక్కన భార్య పద్మావతమ్మ. భద్రాచలం దర్శనానికి పోతున్నారు.

"ఇనుప తాడా? ఎంత పొడుగు? ఎవరమ్ముతున్నారు?" అన్నాడు చెంచురామయ్య. జంపక్క చెప్పింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి అక్కడే ఉంచాడు. "మంచిదే. మరి రసీదిస్తావా?"

"రసీదంటే?"

"నేను ఇంతిచ్చానని నువ్వు కాగితం రాసివ్వాలమ్మా."

"నాకు రాయరాదు అయ్యా."

"మరి నేనిచ్చినట్టు ఎలా తెలుస్తుంది?"

"నువ్వే ఇస్తివి. నీకు తెలుస్తది గద."

పద్మావతమ్మ నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇచ్చెయ్యండి, ఎండ ముదురుతోంది" అంది.

"ఇవ్వనని కాదే. పనికి ఇచ్చేటప్పుడు పద్ధతిగా ఇవ్వాలి. దర్శనం చేసుకుని వస్తాంగా, ఆలోచిద్దాం" అన్నాడాయన. ఆయన అబద్ధమాడలేదు, ఆలోచించాలనే అనుకున్నాడు. జీపు పోయింది.

సాయంత్రానికి చాటలో చిల్లర ఒక మూలకు కూడా చాలలేదు.

"చాట నిండ సలహాలే పడ్డయ్ వదినా. తీస్కపోయి వండుకుందామా?" అంది ఒకామె.

"ఉప్పెక్కువయితది" అంది జంపక్క. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, ఇంటికి పోలేదు. నేరుగా సమ్మయ్య దగ్గరికి పోయింది.

"భూమి పేరు మీదనే అడుగుత" అంది.

"అడిగితే ఒడగొట్టాలె వదినా."

"ఒడగొడత. మీ అన్న దుప్పిని తెస్తనన్నడు. అడవి నుంచి మాంసమొస్తే కొనేది బియ్యమే గద. కల్లు మన చెట్లల్లనే ఉన్నది. మగోళ్లు తిరిగొచ్చే నాడు రాందాసును రమ్మంట. బియ్యం పోను ఉన్నయన్ని పొద్దు గుంకకముందే ఆయన చేతుల పెడత. ఇగ దాచినట్టెట్లయితది?"

సమ్మయ్య భూమికి కోపం వచ్చే దారులన్నీ ఒక్కొక్కటే చూసుకుని వచ్చినట్టున్నాడు.

"పొద్దు గుంకకముందే అయితే ఒడిసినట్టే" అన్నాడు చివరికి. "మాంసం మాత్రం రావాలె."

మర్నాడు పాట మొదలైంది. చేతులు నడుముల వెనక కలిపి, అడుగు ముందుకూ వెనక్కూ వేస్తూ, రోడ్డుకు ఆ చివర నుంచి ఈ చివరకు ఆడవాళ్లు వరస కట్టారు. బళ్లు ఆగాయి. మాటకు పావలా ఇచ్చిన లారీలు పాటకు రూపాయి ఇచ్చాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. పండుగ ఎందుకని ఎవరు అడుగుతారు?

తిరుగు ప్రయాణంలో చెంచురామయ్య జీపు ఆగింది. ఆయన కిందికి దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని పాట అయ్యేదాకా విన్నాడు. పది రూపాయల నోటు తీసి చాటలో వేశాడు.

"మరి రసీదు వద్దా అయ్యా?" అంది వరసలో ఒక పిల్ల.

"దీనికెందుకు రసీదు? పండుగ" అన్నాడు. జీపు ఎక్కబోతూ గుర్తొచ్చి, "నిన్న చెప్పిన ఆ తాడు ఏమైంది?" అని అడిగాడు.

జంపక్క పాట అందుకుంది.

మూడోరోజు మధ్యాహ్నానికి చాట బరువెక్కింది. బియ్యానికి తీసిపెట్టినవి పోను తాడుకు సరిపోతాయని అందరికీ తెలిసింది. పైకి ఎవరూ అనలేదు. అంటే తగ్గుతాయని భయం. రాందాస్ బస్సు దిగి వచ్చి ఇప్పచెట్టు కింద కూర్చున్నాడు. తాడు తీసుకొచ్చే బండి కూడా మాట్లాడి వచ్చానన్నాడు. జంపక్క చాటను తల మీద పెట్టుకుని ఇసుక దాటి ఊరి మొదట్లోకి వచ్చింది. ఆడవాళ్లంతా అక్కడే నిలబడి గుట్ట వైపు చూశారు. వేటగాళ్లు వచ్చేది ఆ దారినే. ఏదైనా పడితే దూరం నుంచే కేక వేస్తారు.

కేక వినబడలేదు. మనుషులు కనబడ్డారు.

ముందు దూలయ్య, వెనక అల్లుడు గోపాలు, ఆ వెనక మిగతావాళ్లు. భుజాల మీద కర్ర లేదు, కర్రకు వేలాడే బరువు లేదు. ఒకడి చేతిలో తేనెపట్టు ముక్క ఉంది. ఊరి మొదట్లో గీత గీసినట్టుగా ఆగిపోయారు. ఖాళీ చేతులతో వచ్చిన వేటగాడు నేరుగా ఊళ్లోకి రాకూడదు. ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి తిట్టాలి. తిట్టించుకున్నాకే అడుగు పెట్టాలి.

"అడవికి పోయినరా, అత్తగారింటికి పోయినరా?" అని మొదలుపెట్టింది ఒకామె.

"విల్లులు ఏడ పెట్టినరు, పొయ్యిల పెట్టినరా?"

"దుప్పి నిన్ను చూసి నవ్విందా బావా?"

"అడవిల ఏమున్నదని?" అన్నాడు దూలయ్య, మొహం మీది పేడనీళ్లు తుడుచుకుంటూ. "దుప్పులన్ని కట్టెల లారీలెక్కి పోయినయ్."

అది జంపక్క తిట్టాల్సిన చోటు. ఏటా ఆమె తిట్టే తిట్లకు మగవాళ్లు కూడా నవ్వేవారు. ఇవాళ ఆమె మొగుడి వంక చూస్తూ నిలబడింది. మూడు రోజుల్లో అతని డొక్కలు లోపలికి పోయాయి. కాలికి ముల్లు దిగి ఆకు కట్టుకున్నాడు.

"నువ్వు గూడ ఎక్కకపోయినవా లారీ?" అంది చివరికి, మెల్లగా. ఎవరూ నవ్వలేదు.

భీమక్క మాత్రం చెంబెడు పేడనీళ్లు గోపాలు నెత్తిన కుమ్మరించి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నడుం పట్టుకుని రాయి మీద కూర్చుంది.

సమ్మయ్య విత్తనాల గంప తెచ్చి నేల మీద పెట్టాడు. "నెత్తురు లేకుండ గింజ లేవది" అన్నాడు. అందరి వంకా చూసి, తర్వాత వదిన వంక చూశాడు. "కోడి అయినా చాలు వదినా. గింజల మీదికి చాలు."

గింజలకు చాలుతుంది. మనుషులకు చాలదు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. విత్తనం నాడు ఊరు ఆకలితో పడుకుంటే ఏడాదంతా అలాగే పడుకుంటుందని అక్కడున్న పిల్లలకు కూడా తెలుసు. రోడ్డవతల గొల్లవాళ్ల దగ్గర మేకలున్నాయి. పండుగ రోజు ఊరంతటికీ చాలేంత మేకలంటే ధర కూడా పండుగ ధరే ఉంటుంది.

చాట జంపక్క చేతుల్లో ఉంది. కోడి చాలు అని ఒక్క మాట అంటే ఎవరూ ఎదురు చెప్పరు. వేటగాళ్లు ఓడిపోయి వచ్చారు, ఇవాళ వాళ్లకు మాట లేదు. రాందాస్ ఆడవాళ్ల వెనకే ఇసుక దాటి వచ్చి, తువ్వాలు చేతిలో మడత పెట్టి పట్టుకుని నిలబడ్డాడు. పొద్దు ఇంకా ఉంది.

"అమ్మా" అంది భీమక్క రాయి మీద నుంచి. "కూర తిని ఎన్నొద్దులైందే. పొద్దటి నుంచి నోరూరుతాంది."

జంపక్క కూతురి వంక చూసింది. భీమక్క ఏ లెక్కా తెలియని మొహంతో, కడుపు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.

జంపక్క వంగి చాటను సమ్మయ్య ముందు పెట్టింది.

"మేకలను తెప్పియ్యి" అంది.

గోపాలు గొల్లవాళ్ల ఇళ్లకు పరిగెత్తాడు. రాందాస్ ఆమె పక్కకు వచ్చాడు.

"మరి తాడు అక్కా?"

"ఇవి భూమియి రాందాసు. ఒడిసినయ్."

"సోమారం లారీ వస్తది."

"సోమారం దాక ఆపు."

"ఆపమంటే ఆపుత. పైసలేడివి?"

"తిని పో" అంది.

మేక నెత్తురు విత్తనాల్లో కలిపారు. ఇంటికింత అని సమ్మయ్య దోసిలితో పంచాడు. ఆకు దొప్పల్లో అన్నం, కూర. మగవాళ్లు మాట్లాడకుండా తిన్నారు, తిన్నాక మాట్లాడారు, కల్లు తాగాక డోళ్లు తీశారు. భీమక్క రెండోసారి అడిగి వేయించుకుంది. జంపక్క కూడా కడుపు నిండా తింది. చాటలో మిగిలిన చిల్లరకు బెల్లం తెప్పించి పిల్లలకు పంచారు. ఖాళీ చాటను సమ్మయ్యే తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"కోపమా వదినా?"

"కోపమెందుకు? ఆకలిగొన్న చేత్తో గింజ జల్లితే ఏం మొలుస్తది?"

ఆయన ఖాళీ గంప ఎత్తుకుని ఇంటికి పోయాడు.

తెల్లవారింది. జంపక్క చెలిమ దగ్గర స్నానం చేసి ఉతికిన చీర కట్టుకుంది. ఇంటి చూరులో దోపిన గుడ్డమూట తీసి, తన తునికాకు కూలి పైసల్లో కొన్ని కొంగున ముడేసుకుంది. గోడకు ఆనించిన చాట తీసుకుంది. దూలయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు.

"యాడికి?"

"రోడ్డుకు."

"పండుగ ఒడిసింది గద."

"అవ్."

"మరి చాటెందుకు?" అన్నాడు. ఆమె చాటను చంకన పెట్టుకుంది. కాసేపటికి అతనికే తెలిసింది. కాలి ముల్లు కట్టు వైపు చూసుకున్నాడు. "మనోళ్లల్ల ఎవ్వరు గిట్ల..."

"ఎరుకే."

"నేను గూడ రానా?"

"నువ్వొస్తే నేను అడగలేను" అంది.

వాగు ఇసుకలో నిన్నటి అడుగులు చాలామటుకు ఊరి వైపే ఉన్నాయి. ఆమె ఒక్కతే ఎదురు నడిచింది. ఇల్లందు వైపు నుంచి మొదటి బస్సు వచ్చింది. చెయ్యెత్తింది. ఇది వేరే కండక్టరు, కుర్రవాడు. అడ్డకర్ర లేదు, వరస లేదు, చాట మాత్రం ఉంది. తలుపులో నుంచి అయోమయంగా చూశాడు.

"పండుగ అయిపోలేదా?"

"అయిపోయింది. బస్సెక్కుత."

"ఎక్కితే టికెట్టు తీసుకోవాలె."

"ముందటి స్టేజీకి ఇయ్యి" అని కొంగు ముడి విప్పి పైసలిచ్చింది.

టికెట్టు చేతిలో పట్టుకుని కాసేపు కడ్డీకి ఆనుకుని నిలబడింది. తర్వాత మొదటి సీటు దగ్గరికి పోయి చాట ముందుకు పెట్టింది. పాట లేకుండా ఎలా మొదలుపెట్టాలో తెలియక చాటను ఒకసారి సర్దుకుంది. ఆ సీట్లో మనిషి తల ఎత్తి చూశాడు.

"నా బిడ్డకు శ్రావణంల నెలలు నిండుతయ్" అంది. "అప్పుడు మా వాగు మనిషిని దాటనియ్యది. నిరుడు ఒక మనిషి పోయింది. ఇనుప తాడు కొని కట్టుకోవాలె."

కూతురి మాట బయటికి అనడం అదే మొదటిసారి. ఆ మనిషి ఏదో అడగబోయి, అడగకుండా రూపాయి వేశాడు. పక్కనున్నతను కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె రెండో సీటు దగ్గరికి పోయింది. మాట మార్చకుండా, మొదటి నుంచి, అదే చెప్పింది. మూడో సీటులో ఒకామె చెంగు ముడి విప్పింది. ఒకరు నిద్ర నటించారు. ఒకరు అర్జీ పెట్టమన్నారు. సరే అయ్యా, పెడత అని, చాట అలాగే పట్టుకుని, ఆయన చూపు తిప్పుకున్నాక ముందుకు పోయింది. చివరి సీటు దాకా పోయింది.

స్టేజీ వచ్చింది. జంపక్క దిగింది. బస్సు భద్రాచలం వైపు పోయింది. ఆమె రోడ్డు దాటి, చాట చేత పట్టుకుని, అటు నుంచి వచ్చే బస్సు కోసం నిలబడింది.